కింద ఎవరు పట్టుకుంటారు?

"ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడూ నిచ్చెన మీంచి పడడు" అని మా మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. "అయినా పడాలని సరదా ఉన్నవాళ్ళు వేరే ఎత్తు చూసుకోవాలి."

రెండో వాక్యం నేను రాసిచ్చిన ప్రసంగంలో లేదు. మంత్రిగారు అప్పటికప్పుడు చేర్చారు. అంత చురుగ్గా ఆలోచించగలరు కాబట్టే ఆయన మంత్రి, నేను గుమాస్తా. గృహభద్రతా శాఖలో మీటింగులకి మినిట్స్ రాయడం నా ఉద్యోగం. పెద్దలు అన్నది, అనబోయింది, అని ఉంటే బాగుండేది, ఈ మూడింటినీ కలిపి సాఫుగా రాయాలి. పద్నాలుగేళ్ళుగా నా మినిట్స్‌లో ఒక్క తప్పు దొరకలేదు. ఒక్క నిజమూ దొరకలేదంటాడు మా బావ. ఆయన ఇళ్ళకి రంగులు వేసే పెయింటరు. ఆఫీసు వ్యవహారాలు ఆయనకి తెలియవు.

ఇంత గొప్ప ఆలోచన మంత్రిగారికి ఎలా వచ్చిందో పాఠకులు తెలుసుకోవాలి. ఒక ఆదివారం ఆయన తన సన్మానపత్రాల ట్రంకుపెట్టె దించుకోవడానికి ఇంట్లో నిచ్చెన వేసుకుని అటక ఎక్కబోయారు. మూడో మెట్టు దగ్గర నిచ్చెన కదిలింది. మంత్రిగారు మాత్రం కదల్లేదు. నలభై నిమిషాల పాటు పైకీ వెళ్ళలేదు, కిందికీ రాలేదు. వంటింట్లోంచి ఆయన భార్య వచ్చి, "దిగండి, ఇంకెంతసేపు?" అన్నారట. "పరిస్థితిని పరిశీలిస్తున్నాను" అన్నారట మంత్రిగారు. చివరికి పి.ఎ. వచ్చి నిచ్చెన పట్టుకుంటే దిగారు. మనలాంటి మామూలు మనిషైతే దిగి, మంచినీళ్ళు తాగి, ఆ సంగతి మరిచిపోయేవాడు. మంత్రిగారు దిగి కమిటీ వేశారు.

దాని పేరు 'గృహ వినియోగార్థ సురక్షిత సుస్థిర నిచ్చెన ఎంపిక కమిటీ'. దానికి మా కార్యదర్శిగారు అధ్యక్షులు. ఆయన గ్రౌండ్ ఫ్లోర్‌లో చేరి, ముప్పై ఏళ్ళలో ఆరో అంతస్తుకి ఎదిగిన మనిషి. ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ మెట్లెక్కలేదు. అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని లిఫ్టుగారు అంటారు, ఆయన లేనప్పుడు. మిగతా సభ్యులు కూడా ఆయన దారిలోనే పైకి వచ్చినవాళ్ళు. మొదటి మీటింగులో లిఫ్టుగారు చుట్టూ చూసి, "మనలో ఎవరైనా నిచ్చెన ఎక్కారా?" అని అడిగారు. అందరూ ఫైళ్ళలోకి చూశారు.

అప్పుడు నేను నోరు జారాను. "మా అక్క భర్త రోజూ ఎక్కుతాడండి" అన్నాను.

మర్నాడే బావకి తాఖీదు వెళ్ళింది, సొంత నిచ్చెనతో సహా హాజరు కావలెనని.

ఆ నిచ్చెన గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇరవై అడుగుల కర్ర నిచ్చెన. బావ పెళ్ళయిన ఏడాది తనే చేసుకున్నాడు. కాళ్ళకి పాత టైరు రబ్బరు కోసి తొడిగాడు, అరిగినప్పుడల్లా మారుస్తాడు. ఇరవై రెండేళ్ళుగా దాని మీద పడిన రంగుల చుక్కలు చూసి ఏ వీధిలో ఏ ఇల్లు ఏ రంగో చెప్పొచ్చు. బావ ఎక్కితే అక్క కింద పట్టుకుంటుంది. అడుగు మెట్టు మీద ఒక కాలు వేసి, రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, పైకి చూస్తూ నిలబడుతుంది. పక్కింటావిడ పిలిచినా తల తిప్పదు. ఆ నిచ్చెనే వాళ్ళ తిండి.

కమిటీ ముందు బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మంచి నిచ్చెన అంటే ఏమిటయ్యా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నారు లిఫ్టుగారు.

"ఒక్క ముక్కలో అవదండీ. ముందు కాళ్ళు చూడాలి. రబ్బరు ఉండాలి, అరిగిపోయి ఉండకూడదు. మడత నిచ్చెనైతే నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనాలి, మధ్యలో పట్టీలు పూర్తిగా తెరుచుకుని బిగుసుకోవాలి. షాపులోనే ఒక మెట్టెక్కి ఊపి చూసుకోవాలి. మెత్తగా ఊగిందా, వదిలేసి వచ్చెయ్యడమే. ఇంట్లో చెయ్యి ఎంతెత్తు అందాలో కొలుచుకుని, దానికి సరిపోయింది కొనుక్కోవాలి. పొట్టిది కొన్నవాడే పై మెట్టు మీద నిలబడి పడతాడండీ. ఎప్పుడూ పై రెండు మెట్ల మీద నిలబడకూడదు. పడేవాళ్ళు పడేది అక్కణ్ణించే."

"ఇంకా?"

"ఇంకేముందండీ. ఎక్కేముందు, కింద ఎవరు పట్టుకుంటారో చూసుకోవాలి."

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతవరకు ఏ పత్రంలోనూ ఈ ప్రస్తావన లేదు.

"నీకు ఎవరు పట్టుకుంటారు?" అన్నారు లిఫ్టుగారు.

"మా ఇంటిదండీ."

"ఆవిడ హోదా?"

"హోదా ఏముందండీ, పెళ్ళాం."

లిఫ్టుగారు నావైపు చూశారు. నేను మినిట్స్‌లో 'అదనపు పరికరం: భార్య. ప్రమాణాలు నిర్ణయించవలసి ఉన్నది' అని రాసుకున్నాను.

నిచ్చెనని 'నమూనా నంబరు ఒకటి' అని రాసి స్టోర్సుకి పంపించారు. బావ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "అయ్యా, బడి గోడల పని ఒప్పుకున్నానండీ. ఒకటో తారీకుకి పిల్లలొచ్చేస్తారు. నిచ్చెన లేకపోతే..."

"రేపు పంపిస్తాం" అన్నారు లిఫ్టుగారు.

బావ రేపు అంటే రేపే అనుకున్నాడు. ప్రభుత్వంతో ఆయనకి పరిచయం తక్కువ.

పరీక్షలు మంత్రిగారి సమక్షంలో జరిగాయి. కాన్ఫరెన్స్ హాల్లో కర్రవి, ఇనపవి, అల్యూమినియంవి, మడతవి, మొత్తం పన్నెండు నిచ్చెనలు పెట్టారు. ఒక ఉత్సాహవంతుడైన డిప్యూటీ డైరెక్టర్ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆగవయ్యా" అన్నారు లిఫ్టుగారు. "మంత్రిగారు కూర్చుని ఉండగా నువ్వు ఆయన కన్నా ఎత్తులో నిలబడతావా? ప్రోటోకాల్ ఏమన్నా తెలుసా నీకు?"

డిప్యూటీ డైరెక్టర్ మొహం పాలిపోయింది. కాలు వెంటనే దించేశాడు. పోనీ మంత్రిగారే ఎక్కుతారేమో అని అందరూ ఆయన వైపు చూశారు. మూడో మెట్టు అనుభవం ఆయన ఇంకా మర్చిపోలేదు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "నిచ్చెనల్ని పడుకోబెట్టండి" అన్నారు.

పడుకోబెట్టారు. అధికారులు ఒకరి వెనక ఒకరు పన్నెండు నిచ్చెనల మీదా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. ఒక్కరూ పడలేదు. డిప్యూటీ డైరెక్టర్ కాలి బొటనవేలు మాత్రం మెట్టుకి కొట్టుకుని వాచింది, దాన్ని బూటు లోపంగా నమోదు చేశాం. పన్నెండూ నూటికి నూరు పాళ్ళు సురక్షితమని తేలింది. అయితే ఎంపిక కమిటీ అన్నాక ఏదో ఒకటి ఎంపిక చెయ్యాలి కదా. లిఫ్టుగారు పాత మినిట్స్ తిరగేసి, "సార్, పడేవాళ్ళంతా పై రెండు మెట్ల మీంచే పడుతున్నారని నిపుణుడి వాంగ్మూలం ఉంది" అన్నారు.

"అయితే ఆ రెండూ తీసెయ్యండి" అన్నారు మంత్రిగారు.

ఇన్ని వందల ఏళ్ళుగా జనం నిచ్చెనలు ఎక్కుతున్నారు, పడుతున్నారు, ఇంత చిన్న విషయం ఎవరికీ తట్టలేదు. హాలంతా చప్పట్లు మోగాయి.

ఆ పన్నెండింట్లోంచి పదకొండు మెట్ల కర్ర మడత నిచ్చెన ఒకటి వడ్రంగి దగ్గరికి వెళ్ళి తొమ్మిది మెట్లతో తిరిగి వచ్చింది. రెండు రోజులకి తనిఖీకి వచ్చిన మంత్రిగారు దాన్ని కింది నుంచి పైదాకా చూశారు. మొహం ఎర్రబడింది.

"పై రెండు మెట్లు తీసెయ్యమన్నానా లేదా?"

"తీశాం సార్" అన్నారు లిఫ్టుగారు.

"మరి అవేమిటి?"

లిఫ్టుగారు తలెత్తి చూశారు. నిజంగానే పైన రెండు మెట్లున్నాయి. "మళ్ళీ వచ్చాయి సార్" అన్నారు నీరసంగా.

"దీని వెనక ఎవరున్నారో నాకు తెలుసు" అన్నారు మంత్రిగారు. ఆయన ఉద్దేశం ప్రతిపక్షం అని మాకందరికీ అర్థమైంది. ఏడు మెట్లయింది. ఐదు, మూడు. ప్రతిసారీ పై రెండు మెట్లూ అక్కడే ఉన్నాయి, కానీ మంత్రిగారు వెనుకంజ వేసే మనిషి కాదు. చివరికి ఒక్క మెట్టు మిగిలింది. కమిటీ అంతా ముందు నుంచి చూశారు, వెనక నుంచి చూశారు, భూతద్దం పెట్టి చూశారు. పై రెండు మెట్లు ఎక్కడా కనపడలేదు. నిచ్చెనకి ఆమోదముద్ర వేశారు.

ఆ సాయంత్రం సంతోషం పట్టలేక అక్కా వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. అక్క అంతా విని, "ఒక్క మెట్టుంటే దాన్ని పీట అంటార్రా" అంది. అక్కకి సాంకేతిక పరిభాష తెలియదు.

"సరే, బావ నిచ్చెన ఎప్పుడిస్తారు?"

"రేపు" అన్నాను.

"ఈ మాట మూడు వారాల నుంచి చెప్తున్నావు తమ్ముడూ."

ఈలోగా సర్క్యులర్ వచ్చింది. ముద్రలేని నిచ్చెన ఎక్కినవారు, ఎక్కించినవారు, పక్కన నిలబడి చూసినవారు శిక్షార్హులు. దాంతో బావకి అరువు నిచ్చెన ఇచ్చేవాడు కూడా లేకుండా పోయాడు. అయితే ప్రభుత్వం ఆయన్ని మర్చిపోలేదు. తొలి లబ్ధిదారుగా ఆయనకే ముద్రవేసిన కొత్త నిచ్చెన ఒకటి ఇచ్చారు. ఫొటోలో మంత్రిగారు నవ్వుతున్నారు, బావ నిచ్చెనకేసి చూస్తున్నాడు.

బడి రెండంతస్తులు. కొత్త నిచ్చెన ఎక్కితే బావ చెయ్యి కిటికీ దాకా వెళ్తుంది. నాలుగు రోజులు కిటికీ కింది గోడంతా వేసి ఊరుకున్నాడు. అయిదో రోజు హెడ్‌మాస్టరు, ఒకటో తారీకుకి పూర్తి కాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానని కచ్చితంగా చెప్పాడు. బావ ఖాళీ రంగు డ్రమ్ము నిలబెట్టి, దాని మీద ముద్రవేసిన నిచ్చెన పెట్టి, దాని మీద తను ఎక్కాడు. అక్క వద్దంది. వద్దంటూనే డ్రమ్ము పట్టుకుంది. గుండ్రటి డ్రమ్ముని రెండు చేతులతో ఎవరు మాత్రం ఎంతసేపు ఆపగలరు? బావ కుడి మణికట్టు విరిగింది. అక్క మోచెయ్యి గీరుకుపోయింది.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆయన చేతికి పిండికట్టు వేస్తున్నారు. ఆ చెయ్యి చూశాను. తప్పు నాదేననిపించింది. ఈ రెండు వాక్యాలూ మినిట్స్‌లో పట్టవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

శాఖ మాత్రం వెంటనే స్పందించింది. ప్రమాదం డ్రమ్ము వల్ల జరిగిందనీ, డ్రమ్ములు పరిశ్రమల శాఖ కిందికి వస్తాయనీ, అంతెత్తు నుంచి పడినా మన నిచ్చెనకి గీత కూడా పడలేదనీ నివేదిక తయారైంది. దాన్ని సాఫుగా రాసింది నేనే.

"రాజు తలుచుకుంటే దెబ్బలకి కొదవా" అన్నాడు బావ, నివేదిక విని. ఆయనకి కోపం రాలేదు. అక్కకి వచ్చింది.

"ఒరేయ్, మాటలొద్దు. ఇంక తొమ్మిది రోజులుంది. ఆయన చెయ్యి ఎలాగూ లేవదు. నేనెక్కి రంగు వేస్తాను, ఆయన ఎడమ చేత్తో కింద పట్టుకుంటాడు. ఇన్నేళ్ళు కింద నిలబడి చూశాను, నాకు రాదా ఆ మాత్రం? మా నిచ్చెన మాకు తెచ్చిపెట్టు. అంతే."

అర్జీ నేనే రాసి, నేనే తీసుకుని, నేనే నంబరు వేసి, నేనే పైకి పంపాను. అది ఆరో అంతస్తు దాకా వెళ్ళి నా బల్ల మీదికే తిరిగి వచ్చింది, 'మాట్లాడండి' అని రాసి ఉంది. ఎవరితో అని రాసి లేదు. స్టోర్సుకి వెళ్ళి స్టోర్‌కీపర్ని అడిగాను. ఆయన రిజిస్టరు తీసి, వేలితో వరసలు దాటుకుంటూ, "నమూనా ఒకటి... ప్రస్తుతం ప్రభుత్వ వినియోగంలో ఉంది" అన్నాడు.

"ఎక్కడ?"

"రేపు ప్రారంభోత్సవానికి వస్తున్నావుగా" అన్నాడు, అంతకు మించి చెప్పలేదు.

ప్రారంభోత్సవం బడి ఎదుటి మైదానంలో పెట్టారు. ఒక మెట్టు నిచ్చెనలు వేలకొద్దీ వరసగా పేర్చారు. వేదిక పక్కన ముప్పై అడుగుల మంత్రిగారి కటౌట్, ఒక మెట్టు మీద కుడికాలు పెట్టి ఆకాశంలోకి వేలు చూపిస్తోంది. అంత నిటారైన కటౌట్ మా శాఖ చరిత్రలో లేదు. ముందు వరసలో తొలి లబ్ధిదారులుగా అక్కా బావా కూర్చున్నారు. బావ చేతికట్టు మీద ఎవరో మా శాఖ స్టిక్కరు అంటించారు.

మంత్రిగారు మైకు అందుకుని, "ఈ తల్లికి నేనేం చెయ్యాలో ఈ తల్లే చెప్పాలి" అన్నారు. ఇది ప్రసంగంలో ఉంది. అక్క ఏమీ అడక్కుండా నమస్కారం పెట్టాలని కూడా ఉంది. అక్క లేచి నిలబడింది.

"బాబుగారూ, మీరు తీసుకెళ్ళిన మా నిచ్చెన మాకిప్పించండి. ఇంకేం వద్దు."

ఎదురుగా వేలమంది జనం, కెమెరాలు. మంత్రిగారు నవ్వి, కాగితం తెప్పించి, అక్కడికక్కడే 'వెంటనే ఇచ్చివేయవలెను' అని రాసి సంతకం చేశారు. చప్పట్లు ఐదు నిమిషాలు ఆగలేదు. అక్క కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను స్టోర్‌కీపర్ వైపు చూశాను. ఆయన గడ్డంతో కటౌట్ వెనక్కి చూపించాడు.

వెనక్కి వెళ్ళాం. బావ నిచ్చెన అక్కడుంది. పై కొస మంత్రిగారి వీపు మధ్యలో ఆని ఉంది. టైరు రబ్బరు కాళ్ళు నేలలో దిగబడి ఉన్నాయి. ముప్పై అడుగుల మంత్రిగారి బరువంతా దాని మీదే ఉంది.

"మిగతావన్నీ పెట్టి చూశాం" అన్నాడు స్టోర్‌కీపర్ గొంతు తగ్గించి. "ఒక్కటీ ఆగలేదు. ఇదొక్కటే ఆగింది."

లిఫ్టుగారు ఆయాసపడుతూ వచ్చారు. "దాన్ని ముట్టుకోవద్దు" అన్నారు. అక్క కాగితం చూపించింది. లిఫ్టుగారు సంతకం చూశారు, 'వెంటనే' అన్న మాట చూశారు, కటౌట్‌ని చూశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన మంత్రి సంతకాన్ని కాదన్నది లేదు.

"అయితే తీసుకోండి" అన్నారు.

"అలా ఎలా తీస్తామండీ" అన్నాడు బావ. "తీస్తే ఇది వెనక్కి పడుద్ది. ఇటు పక్క కూడా జనం ఉన్నారు, పిల్లలున్నారు. ముందు ఎవరన్నా పట్టుకోవాలి." ఆగి, మా అందరి వైపూ చూశాడు. "కింద ఎవరు పట్టుకుంటారు?"

అక్క నావైపు చూసింది. చిన్నప్పుడు పలకబలపం పోగొట్టుకుని ఇంటికి వస్తే చూసిన చూపే అది. నేను పెన్ను జేబులో పెట్టుకుని, మంత్రిగారి ఎడమ పిక్క వెనక చట్రం రెండు చేతులా పట్టుకుని ముందుకి నెట్టాను. చాల్లేదు. స్టోర్‌కీపర్ వచ్చాడు. డిప్యూటీ డైరెక్టర్ వాచిన వేలితో కుంటుకుంటూ వచ్చాడు. కమిటీ సభ్యులు ఒక్కొక్కరే వచ్చి తలో చెయ్యీ వేశారు. చివరికి లిఫ్టుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని కుడి మడమ దగ్గర పట్టుకున్నారు.

బావ ఎడమ చేత్తో, అక్క రెండు చేతులతో నిచ్చెన మెల్లగా వెనక్కి తీశారు. కటౌట్ కొంచెం ఊగింది, మేం బిగపట్టాం, ఆగింది. బావ నిచ్చెనని నేల మీద పెట్టి ఒక్కో మెట్టూ బొటనవేలితో నొక్కి చూశాడు. "అయిదోది వదులైంది. మేకు కొట్టాలి" అన్నాడు. ఇద్దరూ చెరో కొస భుజాన వేసుకుని మైదానం దాటి బడి వైపు వెళ్ళిపోయారు.

అవతల మైకులో మంత్రిగారు, "ఎవరి ఆసరా లేకుండా నిటారుగా నిలబడడమే మా ధ్యేయం" అంటున్నారు. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా కటౌట్ వణికింది. మేం ఇంకా గట్టిగా పట్టుకున్నాం.

సభ అయిపోయింది. కటౌట్ అద్భుతంగా నిలబడింది కాబట్టి ఎన్నికలదాకా అక్కడే ఉంచాలని మంత్రిగారు ఆదేశించారు. ఎలా నిలబడిందని ఆయన అడగలేదు, లిఫ్టుగారు చెప్పలేదు. డ్యూటీ చార్టు నేనే వేశాను, మనిషికి నాలుగు గంటలు. లిఫ్టుగారి పేరు కూడా అందులో ఉంది. నాకు ఎడమ పిక్క, పొద్దున పది నుంచి రెండు దాకా. ఇదంతా అక్కణ్ణించే, ఒంటి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే పాఠకులు మన్నించాలి.

ఇక్కణ్ణించి బడి గోడ బాగా కనిపిస్తుంది. అక్క పైనుంచి మూడో మెట్టు మీద నిలబడి రంగు వేస్తోంది, పై రెండు మెట్లూ ఖాళీగా ఉన్నాయి. కింద బావ అడుగు మెట్టు మీద కాలు వేసి, ఎడమ చేత్తో పట్టుకుని, పైకి చూస్తున్నాడు. నిచ్చెనకి మంత్రిగారి సంతకం కాగితం కట్టారు. బీటు పోలీసు వచ్చి చదువుకుని సెల్యూట్ చేసి వెళ్తున్నాడు. ఇంకో గోడ మిగిలింది, రేపటితో అయిపోతుంది. ఈసారి రేపు అంటే రేపే.

మధ్యాహ్నం అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చంకలో ముద్రవేసిన నిచ్చెన ఉంది. నావైపు, పైకి, మళ్ళీ నావైపు చూసింది.

"నువ్వు వదిలేస్తే ఏమవుతుందిరా?" అంది.

పద్నాలుగేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అక్క తెచ్చిన నిచ్చెన నా వెనక వేసి, "కూర్చో. ఎంతసేపని నిలబడతావు" అని వెళ్ళిపోయింది.

కూర్చున్నాను. నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయి. ఊపి కూడా చూశాను, కదల్లేదు. రెండు గంటలకి డిప్యూటీ డైరెక్టర్ రావాలి, ఇంకా రాలేదు.